స్వతంత్రంగా పుట్టినా సాక్ష్యం చూపాల్సిందే: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పందొమ్మిదో శతాబ్దపు అమెరికాలో బానిసలు కాని నల్లజాతి కుటుంబాల గురించి పోయిన సంచికలో వ్యాసం వేశాం. దానికి విశాఖ నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. నవల రాస్తున్నవాళ్లు, నాటకం వేయబోతున్నవాళ్లు, ఎం.ఏ. ప్రాజెక్టు చేస్తున్నవాళ్లు అడిగిన వాటిలో పదిమందికీ పనికొచ్చేవి ఏరి జవాబులిస్తున్నాం.

నా నవలలో కథానాయిక 1838లో ఫిలడెల్ఫియాలో పుట్టింది. తల్లి స్వతంత్రురాలు, తండ్రి మేరీలాండ్ నుంచి పారిపోయి వచ్చిన బానిస. మరి బిడ్డ ఎవరి కింద లెక్క? పదహారేళ్ల వయసులో ఆమెను బాల్టిమోర్‌లో ఉన్న మేనత్తను చూడ్డానికి ఒంటరిగా రైలెక్కించాను. ఇది జరిగే పనేనా?
— ఒక రచయిత్రి, ఎంవీపీ కాలనీ

అమ్మాయి స్వతంత్రురాలే. తల్లి స్థితే బిడ్డకూ వర్తిస్తుందని వర్జీనియా 1662లోనే చట్టం చేసింది. తక్కిన బానిస రాష్ట్రాలూ అదే పద్ధతి పట్టుకున్నాయి. బానిస స్త్రీలకు యజమానుల వల్ల పుట్టిన పిల్లలను సైతం ఆస్తిలో కలుపుకోవడానికి ఈ చట్టం వాళ్లకు పనికొచ్చింది. అదే చట్టం ప్రకారం తల్లి స్వతంత్రురాలైతే, తండ్రి ఎవరైనా బిడ్డను బానిస అనడానికి వీల్లేదు. అంటే మీ కథానాయికకు చట్టం ముందు ఉన్న ఒకే ఒక ఆధారం తల్లి. తల్లి చనిపోతే, ఆ తల్లిని ఎరిగిన మనుషులు కావాలి, ఏదో ఒక రిజిస్టరులో నమోదు కావాలి. తల్లీకూతుళ్ల మధ్య మీరు ఎంత గొడవ పెట్టినా దాని కింద ఈ సంగతి ఉందని మరవకండి.

తండ్రి సంగతి వేరు. 1850లో వచ్చిన పారిపోయిన బానిసల చట్టం తర్వాత ఆయనకు ఫిలడెల్ఫియాలోనూ రక్షణ లేదు. పట్టుబడ్డ మనిషి తన తరఫున సాక్ష్యం చెప్పుకోకూడదు. జ్యూరీ ఉండదు. విచారించే కమిషనర్ ఆయన్ను యజమానికి అప్పగిస్తే 10 డాలర్లు, వదిలేస్తే 5 డాలర్లు ఫీజు పుచ్చుకుంటాడు. పారిపోయినవాణ్ని దాచినవాళ్లకు 1000 డాలర్ల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు. అంటే కట్టుకున్న భర్తను ఇంట్లో ఉంచుకోవడమే మీ కథలో తల్లి చేసే నేరం. అమ్మాయికి పన్నెండేళ్లు వచ్చేసరికి ఆ ఇంటికి పట్టే భయం ఇది. మీ ఉత్తరంలో దీని ప్రస్తావన లేదు గానీ, నవలకు ఇదే ఆయువుపట్టు.

ఇక రైలు. ఆ ప్రయాణం మార్చండి. బాల్టిమోర్‌లో 1860 నాటికి పాతికవేలకు పైగా స్వతంత్ర నల్లజాతివాళ్లు ఉండేవాళ్లు, దేశంలో మరే నగరంలోనూ అంతమంది లేరు. మేనత్త అక్కడ ఉండటం సహజమే. కానీ వేరే రాష్ట్రం నుంచి స్వతంత్ర నల్లజాతి మనిషి మేరీలాండ్‌లోకి రావడమే చట్టవిరుద్ధం. జరిమానా కట్టలేనివాళ్లను అమ్మేయడానికి కూడా వీలుండేది. కవయిత్రి ఫ్రాన్సెస్ ఎలెన్ వాట్కిన్స్ 1825లో బాల్టిమోర్‌లోనే స్వతంత్రురాలిగా పుట్టింది. ఉద్యోగం కోసం ఒహాయో, పెన్సిల్వేనియా వెళ్లాక ఆమెకే సొంత ఊరు తిరిగి వెళ్లే దారి మూసుకుపోయింది. కాబట్టి అమ్మాయి వెళ్లలేకపోవడాన్నే కథగా చేయండి, లేదా మేనత్త చేత ఉత్తరాలు రాయించండి. పంపి తీరాలంటే దాని పర్యవసానం కూడా రాయాలి. న్యూయార్క్ రాష్ట్రంలో స్వతంత్రుడిగా పుట్టిన సాలమన్ నార్తప్‌ను 1841లో వాషింగ్టన్‌లో ఎత్తుకుపోయి అమ్మేశారు. ఆయన బయటపడింది 1853లో.

స్వేచ్ఛాపత్రం, అంటే తాను బానిస కాదని చూపించే కాగితం, ఎలా ఉంటుందో కూడా రాశారు. మీరు రాసిన బంగారు అంచు, పెద్ద ముద్ర తీసేయండి. వర్జీనియాలో 1793 చట్టం ప్రకారం పట్టణ గుమాస్తా ఒక పుస్తకంలో వరస నంబరు వేసి పేరు, వయసు, రంగు, ఎత్తు, స్వేచ్ఛ ఎలా వచ్చిందీ రాసుకునేవాడు. దాని నకలుకు 25 సెంట్లు. పట్టణాల్లో ఏడాదికోసారి కొత్తది తీసుకోవాలి. ఆ రిజిస్టర్లలో కొన్ని ఇప్పటికీ ఉన్నాయి. ఎత్తు అడుగులు, అంగుళాల లెక్కన ఉంటుంది. చామనఛాయా, కారునలుపా అన్నది గుమాస్తా కంటికి తోచినట్టు ఉంటుంది. ఆ తర్వాత మచ్చలు: మణికట్టు మీద కాలిన గుర్తు, కనుబొమ్మ పైన గాటు. ఒక ఆడపిల్ల తన చేతులు, మెడ ఒక మగ గుమాస్తాకు చూపించి నిలబడితే తప్ప ఆ వరస పూర్తి కాదు. ఆ గదిలోకి మీ పాఠకుణ్ని తీసుకెళ్లండి. అయితే ఇది దక్షిణాది పద్ధతి. ఫిలడెల్ఫియాలో బడికి పోవడానికి ఇలాంటి కాగితం అక్కర్లేదు, కాబట్టి ఈ సన్నివేశం మేనత్తకు పెట్టండి.

నేను ఏయూలో ఎం.ఏ. చదువుతున్నాను. "తనను తాను వెతుక్కున్న స్వతంత్ర నల్లజాతి కుమార్తె" అన్న అంశం తీసుకున్నాను. బానిసల ఆత్మకథలు చాలా దొరుకుతున్నాయి గానీ నాకు కావలసినవి దొరకడం లేదు. ఎవరితో మొదలుపెట్టాలి?
— విద్యార్థిని, పెదవాల్తేరు

షార్లెట్ ఫోర్టెన్ డైరీతో మొదలుపెట్టండి. 1837లో ఫిలడెల్ఫియాలో పుట్టింది. తాత జేమ్స్ ఫోర్టెన్ ఓడల తెరచాపలు కుట్టించే కార్ఖానా యజమాని, ఊళ్లో పేరున్న సంపన్నుడు. తల్లి ఈమె పసితనంలోనే, 1840లో పోయింది. ఫిలడెల్ఫియాలో నల్లపిల్లలకు వేరుగా పెట్టిన బడులకు పంపడం ఇష్టంలేక తండ్రి ఆమెను 1853లో మసాచుసెట్స్‌లోని సేలం ఊరికి పంపాడు. అక్కడ తెల్లపిల్లలతో కలిసి చదివింది, 1856లో నార్మల్ స్కూలు (ఉపాధ్యాయ శిక్షణ బడి) పూర్తిచేసి అదే ఊళ్లో పంతులమ్మ అయింది.

డైరీ మొదలయ్యేది 1854 మే 24న. పారిపోయి వచ్చిన ఆంథొనీ బర్న్స్‌ను బోస్టన్‌లో పట్టుకున్నదీ ఆ రోజే. తొలి పేజీల్లోనే పూలు, చదువు, ఆ అరెస్టు కలగలిసి ఉంటాయి. మీ ప్రాజెక్టుకు అన్నిటికన్నా ముఖ్యమైన భాగం 1855 సెప్టెంబరులో ఉంది. తరగతి గదిలో ఆప్యాయంగా మాట్లాడిన అమ్మాయిలే మర్నాడు వీధిలో ఎదురైతే పలకరించడానికి జంకుతారని రాసుకుంది. చెయ్యి చేసుకున్నవాళ్లు లేరు, తిట్టినవాళ్లు లేరు, చట్టం అడ్డు రాలేదు. అయినా ఆ పిల్ల ఆ రోజు ఎంత నలిగిందో ఆ పేజీలో కనిపిస్తుంది. బానిసల ఆత్మకథల్లో వెతికితే మీకు ఇలాంటి గాయం దొరక్కపోవడం సహజమే.

చదివేటప్పుడు ఒక జాగ్రత్త. బాధపడ్డ పేజీలు మాత్రమే ఏరుకుని "ఆత్మన్యూనత" అని తేల్చేయకండి. తనను తాను తక్కువగా అంచనా వేసుకున్న పుటల పక్కనే జర్మన్, ఫ్రెంచ్, లాటిన్ అభ్యాసం, చదివిన పుస్తకాల పేర్లు, విన్న ఉపన్యాసాలు ఉంటాయి. తేదీల వరస తప్పకుండా చదవండి. 1862 అక్టోబరులో ఆమె దక్షిణ కరోలినాలోని సెయింట్ హెలెనా దీవికి, అప్పుడే బానిసత్వం నుంచి బయటపడ్డ పిల్లలకు చదువు చెప్పడానికి వెళ్లింది. రంగు ఒకటే అయినా వాళ్ల మాట, పాట, ప్రార్థన ఆమెకు కొత్త. "నా వాళ్లు" అనుకుని వెళ్లిన చోట తాను పరాయిదానిలా నిలబడింది. ఆ దీవి జీవితం మీద ఆమె రాసిన వ్యాసం 1864లో అట్లాంటిక్ మంత్లీ పత్రికలో అచ్చయింది. డైరీనీ ఆ వ్యాసాన్నీ పక్కపక్కన పెట్టి, తనకోసం రాసుకున్నది ఏది, పదిమంది కోసం సరిదిద్దింది ఏది అని చూడండి. ప్రాజెక్టులో ఒక అధ్యాయం అక్కడే తయారవుతుంది.

రెండో మనిషిగా హారియట్ విల్సన్‌ను తీసుకోండి. న్యూహాంప్‌షైర్‌లో స్వతంత్రంగా పుట్టి, తెల్లవాళ్ల ఇంట్లో ఒప్పందపు చాకిరీలో పెరిగింది. 1859లో బోస్టన్‌లో ఆమె నవల అచ్చయి మరుగునపడింది. 1980ల మొదట్లో మళ్లీ వెలుగులోకి వచ్చింది. ఫోర్టెన్ ఒక్కతినే చదివితే స్వతంత్ర కుటుంబాలన్నీ పుస్తకాలున్న ఇళ్లే అనిపిస్తుంది.

తల్లి డాక్టరు. కూతురు కూడా డాక్టరే కావాలని పట్టుబడుతుంది, కూతురికి సంగీతం ఇష్టం. బ్రూక్లిన్, 1855. నాటకం ఇలా అనుకున్నాం. చరిత్రకు నిలుస్తుందా? ఇల్లు ఎక్కడ పెట్టాలి?
— నాటక బృందం, సీతమ్మధార

1855 నిలవదు. అమెరికాలో వైద్యపట్టా అందుకున్న తొలి నల్లజాతి మహిళ రెబెకా లీ క్రంప్లర్, బోస్టన్‌లో, 1864లో. రెండో ఆవిడ రెబెకా కోల్, ఫిలడెల్ఫియాలో, 1867లో. మూడో ఆవిడే మీకు కావలసిన మనిషి. సూసన్ స్మిత్ 1847లో బ్రూక్లిన్‌లో పుట్టి, 1870లో న్యూయార్క్‌లోని మహిళా వైద్య కళాశాల నుంచి తరగతిలో ప్రథమురాలిగా పట్టా తీసుకుంది. పెళ్లయ్యాక మెకిన్నీ. ఆ కళాశాల హోమియోపతిది, 1863లో క్లెమెన్స్ లోజియర్ స్థాపించింది. హోమియోకు మన ఊళ్లలో ఉన్న ఆదరణ చూస్తే, ఈ సంగతి మీ ప్రేక్షకులకు ఇట్టే పట్టుకుంటుంది. మరో విశేషం, సూసన్ చర్చిలో ఆర్గన్ వాయించేది కూడా. సంగీతానికీ వైద్యానికీ మీరు పెట్టిన పోటీ ఒకే మనిషిలో రాజీపడింది.

రెండు దారులున్నాయి. కథను 1880లకు జరపండి, అప్పుడు తల్లికి పట్టా ఉండొచ్చు. లేదా 1855లోనే ఉంచి, తల్లిని మంత్రసానిగానో నర్సుగానో చేయండి. క్రంప్లర్ కూడా కళాశాలలో చేరకముందు ఎనిమిదేళ్లు నర్సుగా పనిచేసింది. డాక్టర్లు రాసిచ్చిన సిఫారసు ఉత్తరాల మీదే సీటు వచ్చింది. రెండో దారే మాకు నచ్చుతుంది: తనకు దొరకని పట్టా కోసం కూతుర్ని తోసే తల్లి రంగస్థలం మీద బాగా పండుతుంది.

బ్రూక్లిన్‌లో ఇల్లు ఎక్కడ అన్నారు కదా, వీక్స్‌విల్‌లో పెట్టండి. 1838లో జేమ్స్ వీక్స్ అనే నల్లజాతి కార్మికుడు అక్కడ స్థలం కొన్నాడు, ఆయన పేరే ఊరికి వచ్చింది. స్థలాలు కొనడానికి ఒక బలమైన కారణముంది. న్యూయార్క్‌లో నల్లజాతి మగవాడికి ఓటు రావాలంటే 250 డాలర్ల ఆస్తి చూపించాలి. తెల్లవాళ్లకు ఆ షరతు లేదు. 1863 జూలైలో న్యూయార్క్ అల్లర్లలో మూకలు నల్లజాతివాళ్లను వెంటాడి చంపి, అనాథ పిల్లల ఆశ్రమాన్ని తగలబెట్టినప్పుడు తప్పించుకున్నవాళ్లు చాలామంది ఇక్కడికే చేరారు. రెండో అంకానికి ఆ తల్లి ఇంటి వరండా చాలు.

కథ చివర పెళ్లి చేస్తే ఆమె అన్వేషణ సుఖాంతమైనట్టేనా?
— భీమిలి

ఆనాటి చట్టంలో పెళ్లయిన స్త్రీ ఆస్తి, సంపాదన మామూలుగా భర్త చేతికి పోయేవి. రాష్ట్రాలు ఒక్కొక్కటిగా మార్చుకుంటూ వచ్చాయి, న్యూయార్క్ 1848లో మొదటి అడుగు వేసింది. పైన చెప్పిన ఫ్రాన్సెస్ వాట్కిన్స్ 1860లో ఫెంటన్ హార్పర్‌ను పెళ్లాడింది. ఒహాయోలో పొలం, ఇల్లు, పాడి. వెన్న తీసి కొలంబస్ సంతకు పంపేది. 1864లో భర్త అప్పులతో పోయాడు. మూడు నెలలు తిరక్కుండానే పాలకుండలు, బట్టలుతికే తొట్లతో సహా జప్తు చేసి పట్టుకుపోయారు, వదిలిపెట్టింది ఒక్క అద్దం. ఈ మాటలు ఆమే 1866లో న్యూయార్క్‌లో మహిళా హక్కుల సభలో నిలబడి చెప్పింది. నేను పోయి ఆయన మిగిలుంటే ఇల్లిలా ఊడ్చుకుపోయేవాళ్లా అని ఆ సభలోనే అడిగింది. అదే ప్రసంగంలో, వీధి బళ్లలో నల్లజాతి స్త్రీలను ఎక్కనివ్వని సంగతి తెల్ల మహిళలకు మొహమాటం లేకుండా గుర్తుచేసింది. పెళ్లి చేయండి, అభ్యంతరం లేదు. ఆ తర్వాత కూడా కథ నడిపించండి.

కాలేజీ వార్షికోత్సవానికి 1858 నాటి నల్లజాతి పంతులమ్మ వేషం కట్టాలి. దుస్తులు, మేకప్ చెప్పండి. బడ్జెట్ తక్కువ.
— గాజువాక

మేకప్ ముందు చెబుతాం: ముఖానికి నల్లరంగు పూయవద్దు. 1830ల నుంచి అమెరికాలో తెల్లనటులు మసి పూసుకుని నల్లజాతివాళ్లను వెక్కిరించే ప్రదర్శనలు ఊరూరా ఇచ్చారు. ఈ పంతులమ్మ బతికినన్నాళ్లూ పోరాడింది ఆ వెక్కిరింపుతోనే. మీ అమ్మాయి తన సొంత ఛాయతోనే నిలబడొచ్చు.

తలకు గుడ్డ, చిరిగిన గౌను కూడా వద్దు. ఈమె పంతులమ్మ. బట్ట 44 అంగుళాల పన్నా నూలు, ముదురు రంగు, గళ్లు లేదా చిన్న పువ్వు, మొత్తం 6 మీటర్లు. స్కర్టుకు మీటరు పొడవున్న మూడు నిలువు ముక్కలు, ఒక్కోదానికి మడతకు 10 సెంటీమీటర్లు అదనం. వాటిని కత్తిరించకుండా తిన్నగా జోడించి, నడుం దగ్గర దగ్గరదగ్గరగా కుచ్చులు పెట్టాలి. కళీలు కోస్తే తర్వాతి కాలపు గౌను అవుతుంది, దర్జీలు తరచూ చేసే పొరపాటు ఇదే. పైభాగం ఒంటికి అమరాలి. ముందువైపు హుక్కులు ఉండాలి, జిప్ పనికిరాదు. భుజం కుట్టు భుజం ఎముక మీద కాకుండా రెండు వేళ్లు కిందకు జారాలి. మెడకు విడిగా కుట్టిన తెల్ల కాలరు. తల నడిపాపిట, జుట్టు చెవుల మీదుగా వెనక్కి.

లోపల ఉబ్బుకు ఇనుప తీగల చట్రం కొననక్కర్లేదు, గంజిపెట్టిన రెండు పావడాలు చాలు. మన దగ్గర సముద్రపు గాలికి గంజి సాయంత్రానికి మెత్తబడి, గౌను కాళ్లకు చుట్టుకుంటుంది. అందుకని పై పావడా అంచులో నాలుగైదు వరసలు సన్నని నూలు తాడు పెట్టి కుట్టించండి. ఆ కాలంలోనూ ఈ పద్ధతి ఉంది.

నూలు గురించి ఒక మాట. అమెరికా పత్తిలో చాలాభాగం బానిసల చేత పండించిందే కాబట్టి దాన్ని కొనం అని పట్టుబట్టినవాళ్లు ఉండేవాళ్లు. ఫిలడెల్ఫియాలో 1830లో లిడియా వైట్ ఇలాంటి సరుకుకే దుకాణం తెరిచింది. 1831లో నల్లజాతి స్త్రీలు ఇందుకోసం సంఘం కట్టారు. విదేశీ బట్ట కుప్పపోసి తగలబెట్టి, పొందూరు ఖద్దరు కట్టుకున్న తరం మనవళ్లకు ఇది వివరించక్కర్లేదు. పంతులమ్మ చేత బట్ట కొనేటప్పుడు ఒక్క ప్రశ్న అడిగించండి.

విశాఖలో కూర్చుని 1850 నాటి అమెరికా జనాభా లెక్కల్లో ఒక స్వతంత్ర నల్లజాతి కుటుంబాన్ని వెతకొచ్చా? ఎలా?
— ద్వారకానగర్ గ్రంథాలయ పాఠకుడు

వెతకొచ్చు, డబ్బు అక్కర్లేదు. ఫ్యామిలీసెర్చ్ వెబ్‌సైట్‌లో ఉచిత ఖాతా తెరవండి. 1850 జనాభా లెక్కలు ఎంచుకుని ఇంటిపేరు, రాష్ట్రం ఇవ్వండి. పుట్టిన సంవత్సరానికి అటూ ఇటూ ఐదేళ్ల వెసులుబాటు పెట్టండి, వయసులు అంచనాతో చెప్పినవే. ఇంటిపేరు వర్ణక్రమం రెండు మూడు రకాలుగా మార్చి చూడండి. ఫలితం రాగానే టైపు చేసిన అక్షరాలతో ఆగిపోకుండా అసలు పుట బొమ్మ తెరవండి. చేతిరాత చదివినవాళ్లు పొరబడిన చోట్లు చాలా ఉంటాయి. అదే పుటలో పైనా కిందా ఇళ్లు కూడా చూడండి. అక్కచెల్లెళ్లు, అత్తమామలు తరచూ పక్కింట్లోనే ఉంటారు.

1850కి ముందు వెళ్తే ఇంటి యజమాని పేరు తప్ప మిగతావాళ్లు అంకెలుగానే ఉంటారు. స్వతంత్రుల్లో ప్రతి మనిషికీ పేరు రాసింది 1850లోనే మొదలు. బానిసలకు అప్పుడు కూడా పేరు లేదు, యజమాని పేరు కింద వయసు, లింగం, రంగు మాత్రమే. రంగు గడి ఖాళీగా ఉంటే తెల్లవాళ్లని అర్థం. బి అక్షరం నలుపు, ఎం అక్షరం మిశ్రమం. ఇది రాసింది లెక్కలు తీసుకోవడానికి వచ్చిన ఎన్యూమరేటర్, ఆ ఇంటి మనిషి కాదు. కాబట్టి ఒకే స్త్రీ 1850లో ఒక అక్షరంతో, 1860లో మరో అక్షరంతో కనిపిస్తే వేరే మనిషని వదిలేయకండి.

ఇంకో రెండు గడుల దగ్గర జనం బోల్తా పడతారు. ఇంటి యజమానికి ఏమవుతారన్న గడి 1880 దాకా లేదు. ఇంట్లో పదహారేళ్ల అమ్మాయి కనిపిస్తే కూతురే అనుకోవద్దు, మేనకోడలు కావచ్చు, పనిపిల్ల కావచ్చు. వీలునామా, చర్చి రిజిస్టరు చూశాకే తేల్చండి. రెండోది వృత్తి. 1850లో 15 ఏళ్లు దాటిన మగవాళ్ల వృత్తి మాత్రమే అడిగారు. బడి నడిపినా, బట్టలు కుట్టి ఇల్లు పోషించినా స్త్రీ ఎదుట గడి ఖాళీ. స్త్రీల వృత్తి 1860లో అడిగారు. ఆ పదేళ్ల తేడాతో రెండు పుటలూ పక్కన పెట్టుకుంటే, 1850లో ఉత్త పేరుగా ఉన్న అమ్మాయి 1860లో "టీచర్" అయి కనిపించవచ్చు. అప్పుడామె 1850లో ఏంచేసేదో తెలియాలంటే నల్లజాతి పత్రికలు, సంఘాల నివేదికలు, ఉత్తరాలు వెతకాలి.

అంత కష్టపడే బదులు ఆఫ్రికా వెళ్లిపోవచ్చు కదా? అప్పట్లో పంపేవాళ్లట.
— కంచరపాలెం

పంపే సంఘం 1816లో పెట్టారు, లైబీరియా అలా పుట్టిందే. స్వతంత్ర నల్లజాతివాళ్లలో ఎక్కువమంది వద్దన్నారు. 1817 జనవరిలో ఫిలడెల్ఫియా బెతెల్ చర్చిలో సుమారు మూడువేలమంది చేరితే, వెళ్దాం అన్న గొంతు ఒక్కటీ లేవలేదు. సభకు అధ్యక్షుడు షార్లెట్ తాత జేమ్స్ ఫోర్టెన్. పుట్టింది అమెరికాలో, పన్ను కట్టింది అమెరికాలో అన్నది వాళ్ల వాదన.

సొంతంగా నిర్ణయించుకుని వెళ్లినవాళ్లు వేరే. డెలవేర్‌లో పుట్టిన మేరీ ఆన్ షాడ్ పైన చెప్పిన 1850 నాటి పారిపోయిన బానిసల చట్టం తర్వాత కెనడా వెళ్లి, 1853లో ప్రొవిన్షియల్ ఫ్రీమన్ పత్రిక పెట్టింది. సేలం అమ్మాయి సారా పార్కర్ రిమాండ్‌ను 1853లో బోస్టన్ నాటకశాలలో సీటు నుంచి లేపి మెట్ల మీదకు తోస్తే కోర్టుకెక్కి 500 డాలర్లు గెలిచింది. తర్వాత ఇంగ్లండులో ఉపన్యాసాలిచ్చి, ఫ్లోరెన్స్‌లో వైద్యం చదివి ఇటలీలోనే స్థిరపడింది. 1861లో జేమ్స్ థియొడోర్ హాలీ న్యూహేవెన్ నుంచి ఒక బృందాన్ని హైతీకి తీసుకెళ్తే, జ్వరాలతో ఆయన కుటుంబంలోనే పలువురు చనిపోయారు. మీరూ కథ రాస్తూ హైతీ పంపదలిస్తే, ఓడ దిగిన తొలి వానాకాలం మీద ఎక్కువ పేజీలు పెట్టండి.